సొన్నార్ కటకకర్త లుడ్విగ్ బెర్టెలె

అనంతపురం పీఠభూమి మీద కరవు వానకే గాని వెలుతురుకు కాదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకొనే ఈ నేల మీద సూర్యుడు మాత్రం ఏనాడూ లోటు చేసి ఎరుగడు. వైశాఖ మాసంలో గుత్తి కోట ఎక్కినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాలి క్రింది బండ మీద నుండి లేచే వెలుగు తలపై నుండి దిగే వెలుగుకు ఏమీ తీసిపోదు. కన్నులకు చెయ్యి అడ్డము పెట్టుకొనక అడుగు వేయలేము. అదే తాడిపత్రిలో చింతల వేంకటరమణస్వామి ఆలయ మంటపంలోనికి అడుగిడితే, ఒక్క గడప దాటుటతోనే చీకటి. లోపలి స్తంభాల శిల్పం కనుపించుటకు కన్ను కొంతసేపు ఆగవలె. వెలుపలి ప్రాకారం మాత్రం తెల్లగా మండుతూనే ఉంటుంది.

ఇటువంటి చోట పాత కెమెరాతో ఫోటో తీయబోయినవానికి రెండు చిక్కులు ఒక్కసారే ఎదురవుతవి. మంటపంలోని చీకటిని పట్టుకొనుటకు కటకం నోరు పెద్దదిగా ఉండవలె. నోరు పెద్దదైన కటకంలో గాజుముక్కలు ఎక్కువ. గాజుముక్కలు ఎక్కువైనకొద్దీ వెలుపలి ఎండ వాటి మధ్య అటూ ఇటూ ఎగిరి, చిత్రమంతటా పలుచని మజ్జిగ పోసినట్లు తెల్లని తెర పరచును. నలుపు నలుపుగా ఉండదు. శిల్పం ముక్కు మొగము తెలియదు. ఈ రెండు చిక్కులనూ ఒకే పేర్పుతో విడదీసినవాడు లుడ్విగ్ బెర్టెలె అనే జర్మనీయుడు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలలో కనుపించదు. కెమెరా పట్టిన వారిలోనూ నూటికి తొంబదిమంది ఎరుగరు. కాని గత శతాబ్దపు యుద్ధ చిత్రాలలో అనేకం ఆయన లెక్కకట్టిన గాజు గుండానే ఫిలిం మీదికి దిగినవి.

1900 డిసెంబరు 25న మ్యూనిక్ నగరంలో బెర్టెలె జన్మించినాడు. విశ్వవిద్యాలయపు మెట్లు ఎక్కినవాడు కాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, ఇంకను కౌమారం దాటకముందే, మ్యూనిక్‌లోని రోడెన్‌స్టాక్ కటకాల సంస్థలో లెక్కలు కట్టే పనిలో కుదురుకొన్నాడు. యుద్ధం ముగిసిన వెంటనే డ్రెస్డెన్ నగరంలోని ఎర్నెమాన్ కెమెరా కర్మాగారానికి వెళ్ళినాడు. అక్కడ ఆగస్ట్ క్లుగ్‌హార్ట్ అనే పెద్ద చేతిక్రింద పని.

ఆనాడు కటకాల లెక్క అంటే ఏమిటో నేటి విద్యార్థి కొంచెం ఊహించుకొనవలె. వెలుతురు కిరణం గాలి నుండి గాజులోనికి పోవునప్పుడు ఎంత వంగునో స్నెల్ నియమం చెప్పును. ఆ నియమంలో కోణపు సైను కలదు. కిరణం మొదటి తలంపై ఎక్కడ పడినది, ఎంత వంగినది, రెండవ తలాన్ని ఎక్కడ తాకినది, అక్కడ మరల ఎంత వంగినది — ఇట్లు తలం వెంట తలం, సంవర్గమాన పట్టికలు తిరగవేసుకొంటూ, దశాంశ స్థానాలు జారిపోకుండ చేతితో కట్టవలె. ఒక్క కిరణంతో పని తీరదు. నడిమి కిరణం, అంచు కిరణం, ఏటవాలు కిరణం, ఎరుపు, నీలం, అన్నింటినీ నడిపించి చూడవలె. చివరికి అవి ఒక్క బిందువు వద్ద కలియకపోతే, ఒక వంపు కొద్దిగా మార్చి మొదటినుండి మరల ప్రారంభం. గణిత పరీక్షకు ముందురోజు రాత్రి పట్టికల పుస్తకంతో కూర్చున్నవారికి ఈ బాధ కొంత తెలియును. బెర్టెలె జీవితమంతా ఆ రాత్రియే.

ఆ శ్రమకు మొదటి ఫలం ఎర్నోస్టార్. 1920 దశకం ఆరంభంలో, రమారమి ఇరువదిరెండేండ్ల వయస్సున, బెర్టెలె ఎఫ్ 2 వెడల్పుగల ఈ కటకాన్ని నిర్మించినాడు. అప్పటి మంచి కటకాలలో ఎఫ్ 4.5 సామాన్యం. వెలుతురు వెడల్పు యొక్క వర్గాన్ని అనుసరించును గనుక, 4.5ను 2తో భాగించి వర్గం చేయగా, ఎర్నోస్టార్ ఐదురెట్లు వెలుతురును లోనికి పట్టునని తేలును. మెగ్నీషియం పొడి భగ్గున మండించక, పొగ లేక, రాత్రివేళ దీపాల వెలుతురులో ఫోటో తీయుట దీనితో సాధ్యమైనది. 1924లో ఎర్నెమాన్ వారు ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాకు దీనిని అమర్చి విడిచినారు. నాలుగున్నర సెంటీమీటర్లు, ఆరు సెంటీమీటర్లు కొలతగల గాజుపలక ఒక్కొక్కటిగా పెట్టి తీయవలె. అయినను అది ఆనాటికి అద్భుతం.

దానిని ప్రసిద్ధికి తెచ్చినవాడు ఎరిక్ సాలొమన్. న్యాయశాస్త్రం చదివిన యూదు జాతీయుడు. 1928లో ఒక హత్యానేరపు విచారణకు పోయి, తన టోపీలో ఎర్మనాక్స్‌ను దాచి, ఎవరికీ తెలియకుండ న్యాయస్థానపు చిత్రాలు తీసినాడు. తరువాత నానాజాతి సమితి సభలలోనూ, మంత్రుల విందులలోనూ, అర్ధరాత్రి సంప్రదింపులలోనూ ఆయన కెమెరా ఉండెను. పెద్దలు కుర్చీలలో కునుకుతూ, చెవులు కొరుక్కొంటూ, అలసి కనుపించిన మొదటి చిత్రాలు అవి. హిట్లరు అధికారానికి వచ్చిన పిమ్మట సాలొమన్ హాలెండు చేరినాడు. జర్మను సేనలు అక్కడికిని వచ్చినవి. 1944 జూలైలో ఆష్విట్జ్ మరణశిబిరంలో ఆయనను చంపినారు. బెర్టెలె కటకాన్ని లోకానికి చూపిన కన్ను అట్లు మూతపడినది.

1926లో ఎర్నెమాన్ సంస్థ మరి మూడు సంస్థలతో కలిసి జైస్ ఐకాన్ అయినది. బెర్టెలె కొత్త సంస్థకు ఉద్యోగిగా డ్రెస్డెన్‌లోనే ఉండినాడు. అప్పటికి వెట్జ్‌లార్ నగరంలో లైట్జ్ వారి లైకా కెమెరా బయలుదేరి (1925) సినిమా ఫిలిం ముక్కతో చిన్న ఫోటోలు తీయు విద్యను లోకానికి నేర్పుచున్నది. దానితో పోటీకి జైస్ ఐకాన్ వారు 1932లో కాంటాక్సు కెమెరాను తెచ్చినారు. ఈ రెండును రేంజిఫైండర్ కెమెరాలు. అనగా, కటకంలో నుండి చూచుట కాదు. కెమెరా నెత్తిన ఎడముగా రెండు చిన్న కిటికీలుండును. రెండింటి నుండి వచ్చు రెండు బింబాలు ఒకదానిపై నొకటి సరిగా కూర్చున్నప్పుడు దూరం కుదిరినట్లు. మనిషి రెండు కన్నులతో దూరాన్ని అంచనా కట్టు విధమే. త్రిభుజపు భూమి ఎంత పొడవైతే కొలత అంత నమ్మకం. 1936లో వచ్చిన రెండవ కాంటాక్సులో ఆ భూమి 9 సెంటీమీటర్లు. (కాంటాక్సు షట్టరు మాట వేరు. లోహపు పట్టీలను పట్టు నాడాలతో లాగు ఆ యంత్రం తరచు తెగి, మరమ్మతుదారులను ఏడిపించినది.)

ఈ కాంటాక్సు కొరకే బెర్టెలె తన ముఖ్యమైన కృతిని, సొన్నార్‌ను, రూపొందించినాడు. 1929లో పేటెంటు. 1932లో ఎఫ్ 2, ఎఫ్ 1.5 అను రెండు రకాలు వెలువడినవి. సొన్నార్ అన్న పేరు అంతకుముందు జోంట్‌హైమ్ అనే ఊరిలోని నెట్టెల్ సంస్థవారిది. విలీనంలో ఆస్తితో పాటు పేరు కూడ వచ్చినది. జర్మను భాషలో సూర్యునికి జొన్నె అని పేరు. ఎండతో పోరాడుటకు పుట్టిన కటకానికి ఈ పేరు కుదురుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, బాగుగానే కుదిరినది.

ఇక అందలి ఉపాయం. గాజుకు గాలి తగిలిన ప్రతిచోట, అనగా ప్రతి తలం వద్ద, వచ్చిన వెలుతురులో నూటికి ఐదు పాళ్ళ దరిదాపు వెనుకకు పరావర్తనం చెందును. కిటికీ అద్దంలో మన మొగం మసకగా కనుపించుటకు ఇదియే కారణం. ఎనిమిది తలాలున్న కటకంలో నూరు పాళ్ళ వెలుతురు లోనికి పోతే ఫిలింను చేరేది 66; పది తలాలైతే 60. పోయినది పోయి ఊరకుంటే చిక్కు లేదు. ఒక తలం నుండి వెనుకకు ఎగిరిన వెలుతురు మరొక తలం తాకి మరల ముందుకు ఎగురును. అదే ఫిలింపై తెల్లని తెర. ఇటువంటి జంటలు ఎన్ని? విద్యార్థులు సంయోగాల సూత్రం వాడి చూడవచ్చును. పది తలాలలో రెండేసి చొప్పున నలువదియైదు, ఎనిమిదింటిలో ఇరువదియెనిమిది, ఆరింటిలో పదియైదు మాత్రమే.

లైట్జ్ వారి ఎఫ్ 1.5 కటకం జెనాన్ 1936లో వచ్చినది. దానిలో పది తలాలు. బెర్టెలె ఎఫ్ 1.5 సొన్నార్‌లో గాజుముక్కలు ఏడు ఉన్నను తలాలు ఆరే. ఏమి చేసినాడు? ముక్కల మధ్యనుండిన గాలిసందును తక్కువగా వంచు గుణంగల గాజుతో పూడ్చినాడు. మూడేసి ముక్కలను కెనడా బాల్సం అనే బంకతో అతికించి ఒకే ముద్ద చేసినాడు. బంకకును గాజుకును వెలుతురును వంచు గుణంలో ఎక్కువ భేదం లేదు గనుక అక్కడ పరావర్తనం దాదాపు లేదు. ముందు ఒక ముక్క, నడుమ మూడింటి ముద్ద, వెనుక మూడింటి ముద్ద. మూడు గుంపులు, ఆరు తలాలు. చెప్పుటకు సులువు. మూడు వంపులను ఒకదానిలో నొకటి వెంట్రుకవాసి తేడా లేక ఇముడునట్లు సానబట్టుట, అంతకుముందు వాటి లెక్క కట్టుట, ఏండ్ల తరబడి పని. కటకాలను సానబట్టి కూర్చినది యేనా నగరంలోని కార్ల్ జైస్ కర్మాగారం. అందుచేత కటకపు అంచున కార్ల్ జైస్ యేనా అని చెక్కబడినది. డ్రెస్డెన్‌లో లెక్క కట్టిన వాని పేరు ఎక్కడా లేదు.

సొన్నార్ వంశం త్వరగా పెరిగినది. ముఖచిత్రాలకు 8.5 సెంటీమీటర్ల సొన్నార్, వెడల్పు దృశ్యాలకు బయోగాన్, 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడల కొరకు 18 సెంటీమీటర్ల పెద్ద సొన్నార్. ఆ క్రీడలు హిట్లరు ప్రభుత్వానికి ప్రచార వేదిక అయిన సంగతి అందరికీ తెలిసినదే.

సరిగా ఆ దినాలలోనే సొన్నార్ మూలానికి గొడ్డలిపెట్టు అదే జైస్ గృహంలో తయారగుచుండెను. యేనాలో అలెగ్జాండర్ స్మాకులా అనే శాస్త్రజ్ఞుడు 1935లో గాజుపై పలుచని పూత పూయు విధానానికి పేటెంటు పొందినాడు. పూత మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు దరిదాపు. వెలుతురు తరంగంలో నాల్గవ పాలు. పూత పైతలం నుండి ఎగిరిన తరంగమూ, క్రింది తలం నుండి ఎగిరిన తరంగమూ ఒకదానినొకటి రద్దు చేసుకొనును. పరావర్తనం చాలవరకు అణగిపోవును. కొన్నేండ్లు దీనిని సైన్యపు రహస్యంగా ఉంచినారు. యుద్ధకాలంలో తయారైన సొన్నార్ల మీద టీ అన్న అక్షరం ఎర్రగా చెక్కి ఉండుట ఈ పూతకు గుర్తు.

పూత వచ్చిన పిమ్మట ఎనిమిది తలాలకు భయపడవలసిన పని లేదు. గాలిసందులను పూడ్చనక్కరలేదు. సందులున్న కటకంలో దోషాలు సవరించుటకు చోటు ఎక్కువ. బెర్టెలె ఏండ్లు వెచ్చించి గెలిచిన పోరు, కంటికి కనుపించని పొర ఒకటి వచ్చి అక్కరలేనిదిగా చేసినది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయినను ఆయన జీవితంలో అన్నింటికంటె కఠినమైన ఘట్టం ఇదేనని నాకు తోచును. బాంబులు తరువాతి మాట.

ఆ బాంబులు కూడ రానే వచ్చినవి. యుద్ధం నడుమ, 1942 ప్రాంతంలో, బెర్టెలె డ్రెస్డెన్ విడిచి స్వస్థలమైన మ్యూనిక్‌లో స్టైన్‌హైల్ సంస్థకు మారినాడు. అదే ఏడు చివర డ్రెస్డెన్‌లోని జైస్ ఐకాన్ వారి గోలె కర్మాగారంలో వెట్టిపని చేయుచుండిన మూడువందల మంది దరిదాపు యూదులను ఊరి వెలుపల హెల్లర్‌బెర్గ్ శిబిరంలో నిర్బంధించినారు. వారిచేత చేయించినవి కెమెరాలు కావు. బాంబులకు పేలుడు మరలు. 1943 మార్చి మొదటి వారంలో వారిని ఆష్విట్జ్‌కు పంపివేసినారు. సాలొమన్ కడతేరిన చోటు అదే. యుద్ధకాలపు కటకాన్ని ముచ్చటపడి చేతిలోనికి తీసుకొనువారు ఈ పుటను దాటవేయరాదు.

1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలుకొని మిత్రరాజ్యాల విమానాలు డ్రెస్డెన్‌ను కాల్చివేసినవి. కాంటాక్సు కర్మాగారం ధ్వంసమైనది. ఏప్రిల్‌లో యేనాకు అమెరికను సేన వచ్చినది. జైస్ సంస్థలోని ముఖ్యులను తమ వెంట పడమటికి తీసుకొనిపోయినది. జూలైలో యేనా సోవియట్ వారి వశమైనది. వారు యుద్ధ నష్టపరిహారం క్రింద కర్మాగారపు యంత్రాలను, కాంటాక్సు పనిముట్లను, గాజు నిల్వలను రైళ్ళకెత్తినారు. కాంటాక్సు కీవ్ నగరానికి పోయి కీవ్ కెమెరా అయినది. సొన్నార్ మాస్కో దాపున క్రాస్నోగోర్స్క్ చేరి, మొదట జర్మను గాజుతోనే తయారై, తరువాత జూపిటర్ అని పేరు మార్చుకొన్నది. ఎఫ్ 1.5 జూపిటర్-3, ఎఫ్ 2 జూపిటర్-8, 8.5 సెంటీమీటర్ల సొన్నార్ జూపిటర్-9, బయోగాన్ జూపిటర్-12. జర్మను గాజు అయిపోవచ్చినప్పుడు సోవియట్ గాజుకు తగినట్లు లెక్కలు మరల కట్టుకొన్నారు. సూర్యుడు బృహస్పతి అయినాడని హాస్యమాడవచ్చును.

తూర్పున జపానులో నిప్పన్ కొగాకు, కెనాన్ సంస్థలు కూడ సొన్నార్ అడుగుజాడలలోనే కటకాలు చేసినవి. ఓడిన జర్మనీ పేటెంట్లకు రక్షణ పోయినందున అడ్డుచెప్పువారు లేరు. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు, అమెరికను పత్రికా ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ తన లైకాలకు నిక్కోర్ కటకాలు తగిలించుకొని పోయినాడు. ఆ చిత్రాల స్ఫుటత్వం చూచి న్యూయార్కు సంపాదకులు ఆశ్చర్యపడినారు. జపాను కటకాల కీర్తి లోకంలో అక్కడ ప్రారంభమైనది. అంతకు ఆరేండ్ల ముందు, 1944 జూన్ 6న, నార్మండీ తీరంలో అలలలో దిగిన రాబర్ట్ కాపా చేతిలో ఉండినది కాంటాక్సు, దానికి సొన్నార్. జర్మనీపై దాడిని జర్మను కటకమే చిత్రించినది.

నేడు ఈ కటకాలను సేకరించువారు ప్రపంచమంతట ఉన్నారు. మన ప్రాంతంలో వీటిని వాడబోవువారికి పనికివచ్చు రెండు మూడు సంగతులు ఇక్కడే చెప్పుట మంచిది.

కోస్తాలో కటకానికి శత్రువు బూజు. సముద్రపు తేమకు గాజుపై సాలెగూడువలె పాకును. అనంతపురం పొడిగాలిలో ఆ బాధ తక్కువ. ఇక్కడి శత్రువు దుమ్ము. ఈ పీఠభూమి నల్లరాతి, తెల్లరాతి బండల నేల. బండలు చితికి రేగు దుమ్ములో స్ఫటికపు రేణువులుండును. అవి కటకపు గాజు కంటె గట్టివి. యుద్ధకాలపు పూత మెత్తనిది. పై కండువాతో ఒక్కసారి తుడిచితే స్మాకులా పూత గీతలు పడి, ఎర్రని టీ అక్షరం మాత్రం మిగులును. ముందు గాలితో ఊది, మెత్తని కుంచెతో దులిపి, ఆ పిమ్మటనే గుడ్డ తాకవలె. వేసవిలో మూసిన కారులో పెడితే లోపలి గ్రీజు కరగి ద్వారపు రేకులపైకి ప్రాకును. అతికించిన బాల్సం పొర కూడ అంచులవద్ద విడవచ్చును. గాలిసందు లేకుండ అతికించుట సొన్నార్ బలం. అతుకు విడుట దాని ముసలితనం.

ఇంకొక సంగతి. ఎఫ్ 1.5 సొన్నార్ నోరు పూర్తిగా తెరచినప్పుడు దృష్టి ఒకచోట నిలుచును. ద్వారం కొంత మూసినప్పుడు ఆ చోటు కొద్దిగా వెనుకకు జరుగును. కటకంలో మిగిలిన గోళీయ దోషమే దీనికి కారణం. అద్దంలో నుండి చూచు కెమెరాలలో ఇది కంటికి తెలియును. రేంజిఫైండర్‌లో తెలియదు, కిటికీలకు కటకం సంగతి పట్టదు. కనుక ఎవరి కటకం స్వభావం వారు ఫిలిం ఖర్చుపెట్టి నేర్చుకొనవలసినదే. కాంటాక్సు కొరకు చేసిన కటకాన్ని లైకాకు తగిలిస్తే దూరపు లెక్క కూడ సరిపడదు. రెండు సంస్థల కొలతలు వేరు.

కొనువారికి మరొక హెచ్చరిక. యుద్ధకాలంలో లైకా మరకు తగిన సొన్నార్లు కొద్దిగా తయారైనవి. అవి అరుదు గనుక వెల ఎక్కువ. వెల ఎక్కువ గనుక దొంగలున్నారు. జూపిటర్-3 అంచు గీకివేసి, కార్ల్ జైస్ యేనా అని చెక్కి, ఎర్రని టీ దిద్ది అమ్మిన కటకాలు బజారులో విస్తారం. చిత్రమేమనగా, అటువంటి దొంగ కటకం కూడ బెర్టెలె పేర్పే. మోసపోయినవాడు డబ్బు పోగొట్టుకొనును గాని ఫోటో పోగొట్టుకొనడు.

వస్తువు ఇట్లు దేశాలు తిరుగుచుండగా, మనిషి 1946లో స్విట్జర్లండు చేరినాడు. రైన్ నది లోయలోని హీర్‌బ్రుగ్‌లో విల్డ్ సంస్థ సర్వే పరికరాలకు పేరుపడినది. విమానం నుండి నేలను చిత్రించి పటాలు గీయుటకు వారికి కటకాలు కావలె. పటపు కటకానికి అందంతో పని లేదు. సరళరేఖ సరళరేఖగా రావలె. అంచున ఉన్న చెరువు నడుమ ఉన్న చెరువంత నిజంగా ఉండవలె. నలువది ఆరేండ్ల వయస్సున బెర్టెలె ఈ కొత్త పనికి పూనుకొన్నాడు. 1950 దశకం ఆరంభానికి ఏవియోగాన్ సిద్ధమైనది. తొంబది డిగ్రీల వెడల్పు చూపు; వంకర దాదాపు శూన్యం.  అంతకుముందు పూడ్చిన గాలిసందులను ఇప్పుడు ధైర్యంగా తెరచుకొన్నాడు. పూత తన పాత విద్యను కొట్టివేసినదని దిగులుతో కూర్చొనక, ఆ పూతనే ఆధారం చేసుకొని మరొక విద్య కట్టినాడు.

ఆ పేర్పే చిన్నదై జైస్ వారి కొత్త బయోగాన్ అయినది. 1954లో కాంటాక్సుకు 21 మిల్లీమీటర్ల బయోగాన్, అదే ఏడు స్వీడను దేశపు హాసెల్‌బ్లాడ్ కెమెరాకు 38 మిల్లీమీటర్ల బయోగాన్ వచ్చినవి. 1969 జూలైలో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై దిగినప్పుడు నేల మీద వాడిన హాసెల్‌బ్లాడ్‌కు తగిలించినది 60 మిల్లీమీటర్ల బయోగాన్. అక్కడ గాలి లేదు, మబ్బు లేదు. ఆకాశం నలుపు, నేల కన్నులు చెదరు తెలుపు. మన మంటపపు గడప వద్ద ఉన్న చిక్కే అది, మరింత కఠినమైన రూపంలో.

పట్టా లేని ఈ లెక్కలవానికి జూరిక్‌లోని సమాఖ్య సాంకేతిక విద్యాలయం వారు గౌరవ డాక్టరు పట్టమిచ్చినారు. సభలకు పోయి ఉపన్యాసాలిచ్చు స్వభావం ఆయనది కాదు. యంత్రగణకాలు వచ్చి, ఆయన ఏడాది లెక్కను పూటలో ముగించు కాలం ఆయన కంటి ఎదుటనే వచ్చినది. 1985 నవంబరు 16న స్విట్జర్లండులోని విల్డ్‌హౌస్ అనే కొండ ఊరిలో బెర్టెలె మరణించినాడు. అప్పటికి జపానులో రేంజిఫైండర్ కెమెరాల తయారీ చాలవరకు ఆగినది. సోవియట్ దేశంలో మాత్రం కీవ్ కెమెరా 1980 దశకంలోనూ నడిచినది.

ఈ శతాబ్దపు మొదటి దశకంలో జైస్ వారు సొన్నార్ పేరుతో ఎఫ్ 1.5 కటకాన్ని రేంజిఫైండర్ కెమెరాలకు మరల విడిచినారు. తయారైనది జపానులో. దానిలో ముక్కలు ఆరు, గుంపులు నాలుగు, తలాలు ఎనిమిది. బెర్టెలె 1929లో గాజుతో పూడ్చిన సందులలో ఒకటి మరల గాలికి తెరచుకొన్నది.